పట్టిసం నుంచి ధవళేశ్వరం దాకా: గోదావరి గట్టున చూడదగిన చారిత్రక స్థలాలు, మ్యూజియాలు

పాపికొండల ఇరుకులోంచి బయటపడ్డ గోదావరి, పోలవరం దాటేసరికి బాగా వెడల్పవుతుంది. ఆ వెడల్పు మధ్యలో చెట్లు కప్పిన చిన్న రాతిగుట్ట ఒకటి ఉంది. దాని పేరు దేవకూటాద్రి. గుట్ట నెత్తిన వీరేశ్వరస్వామి గుడి, ఎదురుగా కుడిగట్టున పట్టిసీమ గ్రామం. చుట్టుపక్కల వాళ్ల నోట అది పట్టిసమే. 2022లో జిల్లాలు విడిపోయేదాకా పశ్చిమ గోదావరిలో ఉన్న ఈ ఊరు, పోలవరం మండలంతో పాటు ఏలూరు జిల్లాలోకి మారింది. రాజమహేంద్రవరం నుంచి కొవ్వూరు మీదుగా వస్తే సుమారు 40 కిలోమీటర్లు. ఇక్కడ మొదలుపెట్టి నది వెంట ధవళేశ్వరం దాకా దిగి వస్తే గుళ్లు, మసీదు, వంతెనలు, ఆనకట్ట, గ్రంథాలయం, చిత్రశాల, పురావస్తు ప్రదర్శనశాల వరసగా తగులుతాయి.

గుడికి వెళ్లాలంటే పట్టిసం రేవులో లాంచీ ఎక్కాలి. వేసవిలో నీరు తగ్గి ఇసుక మేటలు బయటపడతాయి. జూలై, ఆగస్టు నెలల్లో ఎర్రనీరు దిగితే గుట్ట చుట్టూ సుడులే. దక్షయజ్ఞాన్ని ధ్వంసం చేసిన వీరభద్రుడు, దక్షుడి తల నరికిన ఆయుధాన్ని ఇక్కడి నీళ్లలో కడిగాడని స్థలపురాణం. వీరేశ్వరుడి సరసన భద్రకాళి కొలువై ఉంది. ఇదే గుట్ట మీద భావనారాయణస్వామి క్షేత్రపాలకుడు. శివక్షేత్రానికి విష్ణువు కాపలా ఉండడం గోదావరి సీమలో వింతేమీ కాదు, ద్రాక్షారామం లాంటి పంచారామాల్లోనూ ఇదే పద్ధతి. మహాశివరాత్రి తీర్థానికి రెండు గోదావరి జిల్లాల జనం పట్టిసం చేరతారు. శిల్పసంపద కోసం వచ్చేవాళ్లు మరీ ఎక్కువ ఆశించకూడదు. ఇక్కడ చూడవలసింది గుడి కట్టడం కాదు, గుడి ఉన్న చోటు. తెలుగు సినిమా కెమెరాలకు దశాబ్దాలుగా ఈ సంగతి బాగా తెలుసు.

పట్టిసం పేరు రాష్ట్రమంతటా మోగింది మాత్రం 2015లో. పోలవరం ప్రాజెక్టు పూర్తయ్యే లోపు గోదావరి వరదనీటిని కృష్ణా డెల్టాకు అందించాలని ప్రభుత్వం ఇక్కడ ఎత్తిపోతల పథకం చేపట్టింది. మార్చిలో శంకుస్థాపన జరిగితే, సెప్టెంబరులో గోదావరి నీళ్లు పోలవరం కుడికాలువ గుండా వెళ్లి విజయవాడ ఎగువన ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిశాయి. మొత్తం 24 పంపులు, సెకనుకు 240 ఘనపు మీటర్ల నీరు, అంటే సుమారు 8,500 క్యూసెక్కులు. ఏటా 80 టీఎంసీలు తరలించాలన్నది లక్ష్యం. రాజకీయంగా ఎంత వాదులాట నడిచినా, రెండు మహానదులను కలిపిన ఈ పంపుహౌస్‌ను ఇవాళ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చకుండా ఉండలేం. పైగా ఇది పుట్టిన ఆలోచన కొత్తది కాదు. ఇదే నది మీద, ఇంకా దిగువన ధవళేశ్వరంలో, 1847లో మొదలైన ఆనకట్ట పనికి ఇది కొనసాగింపు.

పట్టిసం చూసినవాళ్లలో చాలామంది అక్కడి నుంచి పాపికొండల వైపు, అంటే ఎగువకు వెళ్తారు. చరిత్ర కావాలనుకుంటే దిగువకు రావాలి.

దిగువన ఎడమగట్టున రాజమహేంద్రవరం. 2015లో అధికారికంగా పాత పేరు తిరిగి వచ్చినా ఊళ్లోవాళ్లకు ఇంకా రాజమండ్రే. తూర్పు చాళుక్యుల రాజధానిగా, 1022లో పట్టాభిషిక్తుడైన రాజరాజనరేంద్రుడి ఊరుగా, నన్నయ మహాభారతాన్ని తెనిగించడం మొదలుపెట్టిన చోటుగా దీనికి పేరు. అయితే ఆ రాజు కోట ఎక్కడ, సభ ఎక్కడ అని అడిగే యాత్రికుడికి చూపించడానికి గోడ ఒక్కటీ లేదు. ఆ సభలో మొదలైన గ్రంథం నిలిచింది గాని సభ నిలవలేదు. ఇలాంటి గతి పట్టిన మహానగరాలు వేరే ఉన్నాయి. మధ్యధరా తీరంలోని అలెగ్జాండ్రియాలో టోలెమీ రాజుల ప్రాసాదాలు సముద్రంలో కలిసిపోయాయి, ప్రఖ్యాత దీపస్తంభం కూలితే దాని రాళ్లతో పదిహేనో శతాబ్దంలో కైత్‌బే కోట కట్టుకున్నారు. అక్కడైనా ఇక్కడైనా చూడవలసినవి తర్వాతి వాళ్లు కట్టుకున్నవీ, ఏరి దాచుకున్నవీ. రాజమహేంద్రవరం ప్రత్యేకత ఏమిటంటే, దాచినవాళ్లలో రాజులు, జమీందారుల కన్నా బడిపంతుళ్లు, కవులు, చిత్రకారుల పేర్లే ముందుకొస్తాయి.

ఊళ్లో తేదీ స్పష్టంగా చెప్పగల పాత కట్టడం జుమ్మా మసీదు. తుగ్లక్ వంశపు తొలి సుల్తాను గియాసుద్దీన్ కాలంలో, 1324లో, సాలార్ ఉల్వీ కట్టించినట్టు గుమ్మం మీది పారశీక శాసనం చెబుతోంది. అంతకు ఏడాది ముందే కాకతీయుల ఓరుగల్లు పడిపోయింది. సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ సేనలు గోదావరి దాకా ఎంత వేగంగా వచ్చాయో ఈ ఒక్క గుమ్మం తేల్చి చెబుతుంది. ఇది నిత్యం నమాజు జరిగే చోటు గనుక వేళ చూసుకుని, అనుమతి అడిగి వెళ్లడం మర్యాద. డచ్చివాళ్ల కోటగా చెప్పుకునే మరో పాత కట్టడం కథ వేరు. అది 1864లో జైలుగా మారి, 1870లో సెంట్రల్ జైలు అయింది. ఆ గోడల్ని బయటి నుంచి చూడాల్సిందే.

1922లో, రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకానికి తొమ్మిది వందల ఏళ్లు నిండిన సందర్భంలో, ఈ ఊరి విద్యావంతులు ఆంధ్రేతిహాస పరిశోధక మండలిని స్థాపించారు. ఆ పనికి వెన్నెముక రాళ్లబండి సుబ్బారావు. మండలి పత్రిక 1926లో మొదలైంది. తూర్పు చాళుక్యులు, రెడ్డిరాజుల చరిత్ర రాసేవాళ్లు ఇవాళ్టికీ దాని పాత సంచికలు తిరగేయక తప్పదు. మండలి సభ్యులు పల్లెపల్లెకూ తిరిగి తామ్రశాసనాలు, నాణేలు, విగ్రహాలు, తాళపత్రాలు సేకరించారు. పొలం దున్నుతుంటే బయటపడ్డ రాగిరేకులు కరిగించి బిందెలు చేయించుకునే రోజుల్లో అది ఎంత విలువైన పనో ఊహించవచ్చు. ఆ సేకరణే పునాదిగా 1967లో గోదావరి గట్టున ఏర్పడింది రాళ్లబండి సుబ్బారావు ప్రభుత్వ పురావస్తు ప్రదర్శనశాల. హంగులు తక్కువ, వివరాల పలకలు ఇంకా తక్కువ. నిదానంగా చూసేవాళ్లకు మాత్రం చాళుక్యశిల్పి చేతివాటం, నాణేల మీది ముద్రలు, రాగిరేకు మీది పాత తెలుగు లిపి కంటికి చేరువగా కనిపిస్తాయి. నన్నయను కేవలం భారత కవిగా తెలిసినవాళ్లకు, ఆయన నందంపూడి తామ్రశాసన రచయిత కూడానని తెలుసుకోవడానికి ఇదే సరైన చోటు.

అదే తరం చేతుల్లో రూపుదిద్దుకున్న మరో సంస్థ గౌతమీ గ్రంథాలయం. కవి వడ్డాది సుబ్బారాయుడి పేరిట నాళం కృష్ణారావు 1898లో వసురాయ గ్రంథాలయం నెలకొల్పారు. కొక్కొండ వేంకటరత్నం పంతులు పేరిట అద్దేపల్లి లక్ష్మణస్వామి నాయుడు రత్నకవి గ్రంథాలయం పెట్టారు. రెండూ 1920లో కలిసి గౌతమి అయ్యాయి. తాళపత్ర గ్రంథాలు, పాత పత్రికల సంచికలు, ఇంకెక్కడా దొరకని తొలినాటి తెలుగు అచ్చు పుస్తకాలు ఇక్కడి సొత్తు. తెలుగునాట గ్రంథాలయోద్యమం గురించి చదివినవాళ్లు, ఆ ఉద్యమం ఎలాంటి బల్లల మీద, ఎలాంటి బీరువాల మధ్య నడిచిందో చూడాలంటే ఇక్కడికి రావాలి.

వంకాయలవారి వీధిలో సంఘసంస్కర్త కందుకూరి వీరేశలింగం పుట్టిన ఇల్లు ఉంది. 1848 ఏప్రిల్ 16న ఆయన పుట్టిన ఈ పెంకుటింటిని రాష్ట్ర పురావస్తు శాఖ సంరక్షిస్తోంది. ఊరి మీద ఆయన వేసిన ముద్ర ఈ ఒక్క ఇంటితో ఆగదు. 1874లో ‘వివేకవర్ధని’ పత్రిక మొదలుపెట్టారు. 1881 డిసెంబరు 11న గోగులపాటి శ్రీరాములుకు, బాలవితంతువు గౌరమ్మకు పెళ్లి జరిపించారు. ఆంధ్రదేశంలో తొలి వితంతు వివాహంగా చరిత్రకెక్కిన ఆ పెళ్లికి కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ధనసాయం చేశారు. ఆ రాత్రి ఊరు అట్టుడికిపోయింది. పోలీసు కాపలా పెట్టాల్సి వచ్చింది. పెళ్లికి వెళ్లినవాళ్లకు వెలి. వంటకు మనుషులు రాకపోతే, నీళ్లు మోసేవాళ్లు మానేస్తే, వీరేశలింగం భార్య రాజ్యలక్ష్మమ్మ స్వయంగా గోదావరి నుంచి నీళ్లు మోసి, వండి వడ్డించారు. సంఘసంస్కరణ చరిత్రలో ఆయన పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. ఆమె మోసిన బిందెలకు ప్రదర్శనశాలలో చోటు దొరకలేదు. ఊరి నడిబొడ్డున ఆయన 1890లో కట్టించిన టౌన్‌హాలు నేటికీ సభలకు వాడుకలో ఉంది. ఆనంద తోటలో దంపతులిద్దరి సమాధులున్నాయి. ఇల్లు, హాలు, తోట మూడూ ఒక్క పూటలో చుట్టి రావచ్చు.

గట్టు మీద ఒకే ఒక్క మ్యూజియం చూసే తీరిక ఉంటే అది దామెర్ల రామారావు చిత్రశాల కావాలి. ఆయన 1897 మార్చి 8న ఈ ఊళ్లోనే పుట్టారు. స్థానిక ఆర్ట్స్ కాలేజీకి 1909లో ప్రిన్సిపాల్‌గా వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు, రచయిత. కుర్రవాడి చేతిలో ఉన్న గీత చూసి, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌కు పంపించింది ఆయనే. అడివి బాపిరాజు కూడా కూల్డ్రే శిష్యుడే. చదువు ముగించుకుని తిరిగొచ్చిన రామారావు 1923లో రాజమహేంద్రవరంలో చిత్రకళాశాల పెట్టారు. రెండేళ్లు తిరగకుండానే, 1925 ఫిబ్రవరి 6న, మశూచి ఆయన్ను తీసుకుపోయింది. అప్పటికి ఆయనకు ఇరవయ్యెనిమిదో ఏడు కూడా నిండలేదు.

ఆ కొద్దికాలంలో గీసిన వాటిలో చాలా భాగం ఈ చిన్న భవనంలో ఉన్నాయి. ‘సిద్ధార్థ రాగోదయం’, ‘పుష్పాలంకరణ’, ‘నందిపూజ’, తూర్పు కనుమల్లో గోదావరి దృశ్యాలు. బెంగాలులో అవనీంద్రనాథ్ ఠాగూర్ శిష్యులు పల్చటి రంగుల పొగమంచులో పురాణాలు గీస్తున్న కాలమది. రామారావు ఆ పొగమంచు వద్దనుకున్నారు. అజంతా రేఖను, బొంబాయిలో నేర్చిన శరీర నిర్మాణ జ్ఞానాన్ని కలుపుకుని, మనుషుల్ని మాత్రం తన చుట్టూ ఉన్న తెలుగు ఇళ్లలోంచి తెచ్చుకున్నారు. కొప్పు ముడి, చీరకట్టు, ఒంటి చాయ అన్నీ గోదావరివే. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ స్వయంగా చిత్రకారిణులు. స్నేహితుడూ శిష్యుడూ అయిన వరదా వెంకటరత్నం, గురువు పోయాక కళాశాలను మోశారు. కుటుంబం, శిష్యులు కాపాడి నిలిపిన ఈ సేకరణ తర్వాత ప్రభుత్వ ఆధీనంలోకి వచ్చింది. నూరేళ్ల నాటి తైలవర్ణ చిత్రాలకు నదిగాలిలోని తేమ శత్రువు. వాటి సంరక్షణ చాలదని కళాభిమానులు ఎప్పటికప్పుడు గొంతెత్తుతూనే ఉన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది.

ఇక్కడే మరో రెండు చిన్న మజిలీలు. 1907 ఏప్రిల్‌లో బిపిన్‌చంద్ర పాల్ వచ్చి వందేమాతరం ఉపన్యాసాలిచ్చిన చోటికి పాల్‌చౌక్ అని పేరు. ఆయన ఇంగ్లీషు ప్రసంగాలను జనానికి తెలుగులో వినిపించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహం. ఆ ఊపులో వందేమాతరం బిళ్లలు పెట్టుకుని తరగతులకు వెళ్లిన శిక్షణ కళాశాల విద్యార్థులపై వేటు పడింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు వారిలో ఒకరు. ఇక ఆర్ట్స్ కాలేజీ మూలాలు 1853 నాటివి. సర్వేపల్లి రాధాకృష్ణన్ కొంతకాలం ఇక్కడ తత్వశాస్త్రం బోధించారు.

సాయంత్రానికి జనం పుష్కరాల రేవుకో, కోటిలింగాల రేవుకో చేరతారు. పన్నెండేళ్లకోసారి పుష్కరాలు; 2015లో జరిగాయి, మళ్లీ 2027లో. ఏ రేవులో నిలబడినా కనిపించేవి వంతెనలు. మద్రాసు గవర్నర్ సర్ ఆర్థర్ హేవలాక్ పేరు పెట్టుకున్న పాత రైలువంతెన పని 1897లో మొదలై 1900లో ముగిసింది. కాశీలో గంగ మీద డఫరిన్ వంతెన కట్టిన వాల్టన్ దీనికి ఇంజనీరు. 150 అడుగుల ఖానాలు 56, మొత్తం పొడవు సుమారు 2.7 కిలోమీటర్లు. మద్రాసు నుంచి కలకత్తాకు రైలు దారి తెగకుండా కలిసింది దీని వల్లే. దాదాపు నూరేళ్లు పనిచేసి 1997లో విశ్రాంతి తీసుకుంది. 1974లో వచ్చిన రెండోదానికి పైన రోడ్డు, కింద రైలు. రాజమహేంద్రవరం, కొవ్వూరు మధ్య బస్సు ప్రయాణం దాని పుణ్యమే. మూడోది కాంక్రీటు విల్లుల వంతెన, ఒక్కో ఖానా 97.55 మీటర్ల చొప్పున 28. ఊరి బొమ్మ అంటే ఇప్పుడు ఆ విల్లులే. పాత హేవలాక్ వంతెనను పర్యాటక స్థలంగా మార్చే ‘అఖండ గోదావరి’ పథకానికి 2025 జూన్‌లో శంకుస్థాపన చేశారు.

ఊరికి దక్షిణాన ధవళేశ్వరం. గోదావరి పాయలుగా చీలేది ఇక్కడే. 1830ల కరువులో ఈ ప్రాంతం తిండిలేక అల్లాడింది. 1839లో కోరంగిని తుపాను ఊడ్చేసింది. నది పక్కనే పారుతున్నా పొలానికి చుక్క ఎక్కని పరిస్థితిని చూసిన ఇంజనీరు ఆర్థర్ కాటన్, నాలుగు పాయల మీద నాలుగు ముక్కలుగా ఆనకట్ట కట్టవచ్చని కుంపిణీ ప్రభుత్వాన్ని ఒప్పించాడు. 1847లో పని మొదలై 1852కి పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం ఆ నాలుగు భాగాలు. మధ్యలో లంకలే వాటికి ఆధారం. రాయి స్థానిక కొండదే, చెమట స్థానిక కూలీలదే. వేలమంది కూలీలను సమకూర్చి పని నడిపించిన వీనం వీరన్న పేరు కాటన్ పేరంత వినపడదు గాని, ఇక్కడివాళ్లు మరిచిపోలేదు. గోదావరిలో స్నానం చేస్తూ కాటన్ దొరను కూడా తలుచుకునే పురోహితుల గురించి డెల్టాలో కథలుగా చెప్పుకుంటారు. గుర్రం మీద కూర్చున్న దొర విగ్రహం లేని ఊరు వెతుక్కోవాలి.

కాటన్ మ్యూజియం ఆనకట్ట దగ్గరే, 1988లో ఏర్పాటైంది. ఆనకట్ట నమూనాలు, ఆనాటి పనిముట్లు, యంత్రాలు, ఛాయాచిత్రాలు ఇందులో ఉన్నాయి. నీళ్లు మూడు డెల్టా కాలువల్లోకి ఎలా మళ్లుతాయో, పడవలు లాకుల్లో ఎలా ఎక్కిదిగేవో నమూనాల ముందు నిలబడితే పిల్లలకు సైతం అర్థమవుతుంది. ఇప్పుడు నీటిని ఆపుతున్నది పాత రాతిగోడ కాదు. 1970ల్లో మొదలై 1982లో పూర్తయిన కొత్త బ్యారేజి, 175 గేట్లతో. సుమారు పది లక్షల ఎకరాలు దీని కింద పండుతున్నాయి. వానాకాలంలో డెల్టా అంతా కళ్లప్పగించి చూసే అంకెలు ఇక్కడివే: నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 1986 ఆగస్టులో మూడోదాన్ని దాటి 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. లంకవాసుల ఇళ్లలో సంవత్సరాలను ఆ వరదకు ముందు, తర్వాత అని లెక్కపెట్టే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు.

ఆనకట్ట కథ ఇష్టపడినవాళ్లు ఇంకాస్త దిగువకు, కోనసీమలోని గన్నవరం దాకా వెళ్లాలి. వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించడానికి లెఫ్టినెంట్ హేగ్ 1850ల తొలినాళ్లలో 49 ఖానాల అక్విడక్టు కట్టాడు. కింద నది, పైన కాలువ. దాని పక్కనే 2000లో వచ్చిన కొత్త అక్విడక్టుకు, ఆకలన్నవారికి వేళ చూడకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఇంజనీరు పేరో మంత్రి పేరో పెట్టే చోట ఒక ఇల్లాలి పేరు పెట్టడం గోదావరి జిల్లాకే చెల్లింది.

రాజధానిలో మిగలని చాళుక్యుల పనితనం మటుకు చుట్టుపక్కల గుళ్లలో మిగిలింది. తొమ్మిదో శతాబ్దంలో గుణగ విజయాదిత్యుడి బిరుదు మీద వెలసిన బిక్కవోలులో గోలింగేశ్వర, రాజరాజేశ్వర, చంద్రశేఖర ఆలయాలు, పొలాల మధ్య పాడుపడినట్టుండే మరికొన్ని గుళ్లు, ఏకశిలా వినాయక విగ్రహం ఉన్నాయి. చవితినాడు వినాయకుడి దగ్గర ఇసకేస్తే రాలదు. పక్కనే వెయ్యేళ్లు దాటిన శిల్పాలను చూసేవాళ్లు వేళ్ల మీద లెక్కకొస్తారు. సామర్లకోట కుమారారామం, ద్రాక్షారామం చాళుక్య భీముడి పేరుతో ముడిపడిన రెండంతస్తుల ఆలయాలు. రెండు చోట్లా లింగం కింది అంతస్తు నుంచి పై అంతస్తుకు చొచ్చుకుని వస్తుంది. ద్రాక్షారామం గోడలు, స్తంభాల మీద వందల శాసనాలున్నాయి: చాళుక్యులు, చోళులు, రెడ్లు ఇచ్చిన భూములు, దీపానికి నెయ్యి కోసం వదిలిన గొర్రెలు, ఆవులు.

పట్టిసం వైపు తిరుగు ప్రయాణంలో మరో పూట మిగిలితే, కొవ్వూరు నుంచి పడమరగా కామవరపుకోట మండలంలోని జీలకర్రగూడెం వెళ్లవచ్చు. అక్కడి గుంటుపల్లి గుహలు క్రీస్తుపూర్వం రెండో శతాబ్దం నాటి బౌద్ధ స్థావరం. గుండ్రటి చైత్యగుహ కప్పును కర్ర వాసాలు పేర్చినట్టు రాతిలోనే తొలిచారు. బీహారులోని లోమశ ఋషి గుహ ముఖద్వారం పోలిక దీని గుమ్మంలో కనిపిస్తుంది. కేంద్ర పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్న ఈ కొండకు మెట్లున్నాయి. మహామేఘవాహన వంశపు సిరిసద శాసనం ఇక్కడ దొరికింది. ఎండ ముదరకముందే, నీళ్ల సీసా పట్టుకుని బయల్దేరితే గుహలు, పైనున్న స్తూపాల వరస రెండూ చూసి మధ్యాహ్నానికి దిగిరావచ్చు.